పోయిన కరెంటు తిరిగి రావాలర్రా

అడిగారు కాబట్టి చెబుతాను, ఆ పుల్లలు కాస్త లోపలికి ఎగదోయండర్రా. నేను బెజవాడలో ఆటో ఎలక్ట్రికల్ పని నేర్చుకునే రోజుల్లో రోడ్డు మీద కార్లంటే మూడే రకాలు. అంబాసిడరు, ఫియట్టు, స్టాండర్డు. టాక్సీ అంటే మాత్రం దాదాపు అంబాసిడరే. ఆ రోజుల్లో షాపుల్లో మల్టీమీటర్లు ఎక్కడివి? మా మేస్త్రి దగ్గర టెస్ట్ ల్యాంపులు ఉండేవి. ఒక హోల్డరు, దానికో బల్బు, రెండు వైర్లు. ఒక వైరు చివర క్లిప్పు, రెండోదాని చివర సూది. కారుకైతే 12 వోల్టుల బల్బు, లారీకైతే 24 వోల్టులది. హెడ్‌లైటు పని వస్తే చిన్న బల్బు పక్కన పెట్టేసి, హెడ్‌లైటు బల్బునే తగిలించుకునేవాడు. అలా ఎందుకో తర్వాత చెబుతాను.

వైర్ల రంగులు మాకు ఎక్కాల్లాగా నోటికొచ్చి ఉండాలి. అంబాసిడరువి ఇంగ్లీషు వాళ్ళ పద్ధతి రంగులు. స్విచ్చి నుంచి డిప్పరుకి పోయేది నీలం. డిప్పరు నుంచి హై బీముకి నీలం మీద తెల్ల గీత, డిప్పుకి నీలం మీద ఎర్ర గీత. నలుపు కనబడిందంటే ఎర్త్. అందులో డిప్పరు స్విచ్చి ఇప్పట్లా చేతి దగ్గర ఉండేది కాదు, ఎడమ కాలి కింద ఉండేది, తొక్కితే మారేది.

పెళ్ళిళ్ళ రోజుల్లో గుంటూరు నుంచి ఒక టాక్సీ వచ్చింది. బండి తళతళలాడిపోతోంది.

"మేస్త్రిగారూ, ఎడమ పక్క లైటు గుడ్డిగా వెలుగుతోందండీ, రాత్రి బాడుగలకి పోలేకపోతున్నాను" అన్నాడు డ్రైవరు.

"ఇప్పటిదాకా ఏమేం మార్చావయ్యా?"

"బల్బు మార్చానండీ, డిప్పరు స్విచ్చి మార్చానండీ. ఇప్పుడు డైనమో విప్పాలంటున్నారు."

"అది సరే, ఈ మధ్య బండికి ఏం పని చేయించావు?"

"తుప్పు తీయించి, టింకరింగు చేయించి, కొత్త రంగు వేయించానండీ."

మా మేస్త్రి బానెట్టు ఎత్తలేదు. స్క్రూడ్రైవరు కూడా పట్టుకోలేదు. సీట్లో కూర్చుని లైటు వేసి, డిప్పులో పెట్టి, నన్ను పిలిచి డాష్‌బోర్డు చూడమన్నాడు. హై బీము వేస్తేనే వెలగాల్సిన చిన్న దీపం డిప్పులోనే మినుకు మినుకుమంటోంది. ముందుకెళ్ళి చూశాను. ఎడమ బల్బులో ఒక్క ఫిలమెంటు వెలగాల్సింది రెండూ ఎర్రగా కాలుతున్నాయి.

అక్కడే ఉందర్రా అసలు సంగతి. కాలవ నీళ్ళు చేలోకి పోతే పోయినట్టే. కరెంటు అలా కాదు. బ్యాటరీలో బయల్దేరింది బ్యాటరీకే తిరిగి రావాలి. పోవడానికి వైరుంటుంది, రావడానికి బండి ఇనుమే దారి, అదే ఎర్త్. బల్బులో రెండు ఫిలమెంట్లకీ ఎర్త్ ఒక్కటే. ఆ ఎర్త్ మూసుకుపోతే డిప్పు ఫిలమెంటులోకి వచ్చిన కరెంటుకి దారి దొరకదు. అప్పుడు హై ఫిలమెంటులోంచి ఎదురెక్కి, హై బీము వైరు పట్టుకుని, కుడి పక్క బల్బులోంచీ డాష్‌బోర్డు దీపంలోంచీ ఎర్త్‌కి చేరుతుంది. అంత చుట్టు తిరిగితే ఇంక వెలుగేం మిగులుతుంది?

అనుమానం ఉంటే చాలదు, రుజువు కావాలి. మేస్త్రి దారిని రెండు ముక్కలు చేశాడు. ల్యాంపు క్లిప్పు బ్యాటరీ ఎర్త్ పోలుకి పెట్టి, సూదిని లైటుకొచ్చే డిప్పు వైరుకి తాకించాడు. భగ్గున వెలిగింది. అంటే పోయే దారి బాగుంది. క్లిప్పు తీసి లైటు నల్ల వైరుకి పెట్టాడు. వెలుగు చచ్చిపోయింది. తప్పు తిరిగొచ్చే దారిలోనే ఉంది.

మడ్‌గార్డు లోపల నల్ల వైరు బిగించిన స్క్రూ విప్పి చూస్తే, దాని కింద కొత్త రంగు దట్టంగా ఉంది. రంగులోంచి కరెంటు పారదు కదా! పాత హాక్సా బ్లేడుతో ఇనుము మెరిసేదాకా గీకాడు. వైరు చివర తుప్పు తీసి, పళ్ళ వాషరు వేసి గట్టిగా బిగించి, తడి తగలకుండా పైన వాజలీను రాశాడు. లైటు తెల్లగా విచ్చుకుంది. డ్రైవరు దణ్ణం పెట్టాడు.

హెడ్‌లైటు బల్బే ఎందుకు తగిలించేవాడంటే, 45 వాట్ల బల్బు 12 వోల్టుల మీద దాదాపు 4 ఆంపియర్లు లాగుతుంది. వైరులో ఒక్క పోగు మిగిలినా చిన్న బల్బు వెలుగుతుంది, మీటరైతే 12 వోల్టులూ నిండుగా చూపిస్తుంది. బరువు మోయిస్తేనే దారి బలం తెలిసేది. 12 వోల్టుల్లో 1.2 వోల్టులు దారిలో పోతే వెలుగులో దాదాపు 30 శాతం పోతుంది. రాత్రిపూట గేదె అడ్డమొస్తే ఆ 30 శాతమే ప్రాణం.

షార్టు పట్టుకోవడమూ ఆ ల్యాంపుతోనే. ఆ పాత అంబాసిడర్లలో హెడ్‌లైటు లైనుకి ఫ్యూజే ఉండేది కాదు. రేకు కన్నంలో రబ్బరు ఊడి వైరు ఒరుసుకుంటే పొగే. మేస్త్రి లైట్ల బల్బులన్నీ తీసేసి, బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, ఆ మధ్యలో ల్యాంపు కలిపి, స్విచ్చి వేసేవాడు. వెలిగిందంటే షార్టు ఉన్నట్టే. వైర్ల కట్టని జానెడు జానెడుగా కదుపుతూ పోతే ఎక్కడ ఆరితే అక్కడే తప్పు.

ఇప్పటి బళ్ళల్లో కంప్యూటర్లున్నాయి. ఆ ల్యాంపుతో ఎక్కడబడితే అక్కడ గుచ్చారంటే బోర్డు కాలుతుంది. మీటరే పెట్టండి, కానీ లైటు వేసి ఉంచి పెట్టండి. ఒక మొన బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకోటి బల్బు ఎర్త్ పిన్ను మీద. అర వోల్టు దాటిందంటే ఎర్త్ చూసుకోవాల్సిందే.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, పండగెళ్ళాక చెరకు తోలుతారు. మన ట్రాక్టరు లైట్లు బాగానే ఉన్నాయి, ట్రక్కు వెనక లైటు మాత్రం ఓసారి వెలుగుతోంది, ఓసారి ఆరుతోంది. బల్బులు మార్చి మార్చి వదిలేశారు. దాని ఎర్త్ కొక్కెం పిన్నులోంచి వస్తోందర్రా. అక్కడ గ్రీజూ మట్టీ, పైగా కుదుపు. చీకట్లో వెనకొచ్చే మోటార్ సైకిలు వాడికి ఆగి ఉన్న ట్రక్కు కనపడదు. రేపు పొద్దున్నే ట్రక్కు లైటు నుంచి ట్రాక్టరు బ్యాటరీ దాకా విడిగా ఒక నల్ల వైరు లాగండి. నేను దగ్గరుండి బిగింపిస్తాను. అది వెలగకుండా బండి కల్లం దాటడానికి వీల్లేదు.