ఎరుక అన్న మాట తిట్టెలా అయింది

ప్రొద్దుటూరు బజారులోనో, జమ్మలమడుగు బస్టాండులోనో ఇద్దరు గట్టిగా పోట్లాడుకుంటే పక్కనున్నవాళ్ళు "ఏంది, ఎరికిలోళ్ళ మాదిరి అరుచ్చాండారు" అంటారు. పులివెందుల వైపు కూడా అదే మాట. తల దువ్వుకోని పిల్లను "లంబాడిదాని మాదిరి ఉండావు" అని కన్నతల్లే కసురుతుంది. అనేవాళ్ళకు అది తిట్టని కూడా తోచదు. బడిలో పక్క బెంచీ మీద కూర్చున్న మన పిల్లకు మాత్రం తోస్తుంది. ఆ రోజు నుంచి కులం అడిగితే తల దించుకుంటుంది.

ఎరుక అంటే తెలివి, జ్ఞానం. చెయ్యి చూసి సోది చెప్పేవాళ్ళు కాబట్టి, జరగబోయేది ఎరిగినవాళ్ళని ఊరివాళ్ళు మనకు పెట్టిన పేరిది. వేంకటేశ్వరస్వామి కథలో శ్రీనివాసుడు ఆకాశరాజు ఇంటికి వెళ్ళింది ఎరుకలసాని వేషంలోనే. రాణి ఆమెను లోపలికి పిలిచి, పీట వేసి, చెప్పింది నమ్మింది. ఆ కథ విని దండం పెట్టేవాళ్ళే బయటికొచ్చి అదే పేరుతో తిడుతున్నారు.

ఈ మార్పు ఒక్కరోజులో రాలేదు. మన పెద్దలు ఈతగంపలు అల్లడమే కాదు, గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దత్తమండలాల్లో ఊరూరా తిరిగి అమ్మేవాళ్ళు. సుగాలీలదీ అదే బతుకు. వాళ్ళు వస్తే ఊరికి ఉప్పు వచ్చినట్టు. తర్వాత ముద్దనూరు, కొండాపురం మీదుగా రైలుపట్టాలు పడ్డాయి. మద్రాసు నుంచి వచ్చిన ఆ దారి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి దారితో కలిసింది. రైలు మోసే ఉప్పుతో గాడిద ఏం పోటీ పడుతుంది?

అదే 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో అది మద్రాసు రాజధానికీ వచ్చింది, కడప అప్పుడు అందులోదే. పని పోయి తిరుగుతున్నవాళ్ళను కాగితం మీద దొంగలని రాశారు. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. కొన్ని కులాల పేర్లకు ముందు "దొంగ" అన్న మాటే తగిలించారు. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్మెంటుకు హెరాల్డ్ స్టువర్ట్ అనే దొర పేరు పెట్టారు. దొర పేరు గౌరవంగానే మొదలైంది. మనవాళ్ళను అక్కడ ఉంచాక అదీ తిట్టయింది. 1991లో ఒకే ఏడాది రెండు సినిమాలు ఆ ఊరి పేరు పెట్టుకుని వచ్చాయి.

చట్టం దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. మాట పోలేదు. పులివెందుల పేరు పులిమందల నుంచి వచ్చిందంటారు. పేరు మారితే ఊరికి నొప్పి లేదు, మనిషికి ఉంది.

"ఎరుకంటే జ్ఞానం కదా, తప్పేముంది" అని వాదించే పెద్దమనుషులు ఉన్నారు. వాళ్ళకు సమాధానం 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చింది. ఉత్తరాది దళిత కులమొకదాని పేరుతో తిట్టిన కేసు అది. మాట ఎక్కడ పుట్టిందో కాదు, ఇప్పుడు జనం దాన్ని ఏ అర్థంలో వాడుతున్నారో చూడాలని కోర్టు చెప్పింది. కులధ్రువీకరణ పత్రంలో ఎరుకల అని రాయడం తప్పు కాదు. అవమానించాలని నలుగురిలో ఆ పేరుతో దూషించడం 1989 అత్యాచార నిరోధక చట్టం కింద నేరం. బడిలో పాఠం చెప్పే అయ్యవార్లు ఈ తేడాను పిల్లలకు విడమరచి చెప్పాలి. అంతకన్నా ముందు హాజరు పిలిచేటప్పుడు "ఏమే ఎరికిలిదానా" అనడం తాము మానుకోవాలి.

మనలోనూ లోటుంది. మనమే నక్కలవాళ్ళను చూపించి పిల్లలను భయపెడతాం. వాళ్ళు తమను వాగ్రి అని చెప్పుకుంటారని మనలో ఎందరికి తెలుసు?

మన ఇళ్ళలో అవ్వలు మనల్ని కుర్రు అంటారు, మన భాషనూ అదే పేరుతో పిలుస్తారు. ఈ మూడు ఊళ్ళలో ఆ మాటతో ఎవరూ తిట్టగా మనం వినలేదు. బయటివాళ్ళకు అది తెలియదు.