సంతలో ఎత్తకూడని మాట

అమెరికాలోని హిల్స్‌బరోలో ఇల్లు కొనుక్కున్న మూడో ఏడు మాకు పోస్టులో ఒక నోటీసు వచ్చింది. మా వెనక సందు అవతలున్న ఖాళీ స్థలం యజమాని, అపార్టుమెంట్లు కట్టుకోవడానికి జోన్, అంటే ఆ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పే వర్గం, మార్చమని దరఖాస్తు పెట్టుకున్నాడట. ఫలానా సాయంత్రం ప్లానింగ్ కమిషన్ విచారణ, చెప్పుకునేది ఉంటే వచ్చి చెప్పుకోవచ్చు.

ఆ కమిషన్ సభ్యుల్లో ఒకాయన నాకు తెలుసు. మా పిల్లలది ఒకటే సాకర్ జట్టు. శనివారం సంతలో టమాటాల బల్ల దగ్గర కనిపిస్తే ఆ కబురూ ఈ కబురూ చెప్పి, “మా వెనక అపార్టుమెంట్ల సంగతి...” అని మెల్లగా ఎత్తాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. “ఆ మాట ఇక్కడొద్దు. విచారణకొచ్చి అందరి ముందూ చెప్పు” అన్నాడు. అక్కడితో వదిలినా బాగుండేది. విచారణ మొదలవగానే మైకు ముందుకు వంగి, ఈ దరఖాస్తు గురించి పొరుగాయన ఒకరు సంతలో తనతో మాట్లాడబోయారనీ, తాను విననన్నాననీ, ఇందుమీద ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పమనీ ప్రకటించాడు. నా పేరు చెప్పలేదు. అయినా చెవులు వేడెక్కిపోయాయి.

మనవైపు అది తప్పెలా అవుతుంది? పెద్దమనిషిని ముందే కలిసి ఒక మాట చెవిన వెయ్యడం మనకు మర్యాద కూడాను. ఇక్కడెందుకు కాదో తెలుసుకుందామని మొదలుపెడితే, కథ తిరిగి తిరిగి మా కౌంటీకే వచ్చింది.

మాది వాషింగ్టన్ కౌంటీ. దేశ రాజధానికీ దీనికీ సంబంధం లేదు. పసిఫిక్ తీరపు ఆరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్‌కి పడమటన ఉంటుంది. ఇంటెల్ పుణ్యమా అని తెలుగువాళ్ళకి కొదవలేదు. కౌంటీ అంటే మన జిల్లా అనుకోండి, కలెక్టరు స్థానంలో ఎన్నికైన బోర్డు ఉంటుంది.

అమెరికాలో ప్లానింగ్ కమిషన్లు 1907లో కనెటికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌తో మొదలయ్యాయి. న్యూయార్క్‌లో 38 అంతస్తుల ఈక్విటబుల్ భవనం వీధులకు వీధుల్నే నీడలో ముంచేశాక, 1916లో ఆ నగరం జోనింగ్ నిబంధనలు తెచ్చింది. తరవాత అధ్యక్షుడైన హెర్బర్ట్ హూవర్ వాణిజ్యశాఖ మంత్రిగా ఉన్నప్పుడు రాష్ట్రాలకు నమూనా చట్టం రాయించాడు. జోనింగ్ రాజ్యాంగానికి విరుద్ధం కాదని 1926లో యూక్లిడ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నగర రాజకీయాల బురద అంటని పౌరుల చేతికి ఈ పని అప్పగించాలన్నది కమిషన్ల వెనకున్న ఆశ. కానీ ఆ పౌరులు ఎలా వినాలి, దేన్నిబట్టి నిర్ణయించాలి అన్నది చాలాకాలం గాలిలోనే ఉండిపోయింది.

ఇక మా కౌంటీ కథ. ఒక డెవలపర్ కంపెనీకి ఇక్కడ 32 ఎకరాలుండేవి, విడివిడి ఇళ్ళ జోన్‌లో. అది మారిస్తే మొబైల్ హోమ్‌ల పార్కు, అంటే ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చి నిలబెట్టే చవక ఇళ్ళ కాలనీ, పెట్టుకుంటామంది. కౌంటీ బోర్డు సరేనంది. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కోర్టుకెక్కారు, కింది కోర్టుల్లో గెలిచారు. 1973లో ఆరెగాన్ సుప్రీంకోర్టు కూడా వాళ్ళనే గెలిపించింది. దాన్ని ఫసానో కేసంటారు.

అప్పటిదాకా జోన్ మార్పంటే శాసనం చెయ్యడం కిందే లెక్క. శాసనం చేసేవాళ్ళ పనిలో కోర్టులు తొందరపడి వేలు పెట్టవు. ఆరెగాన్ కోర్టు ఆ లెక్కనే తిరగేసింది. కౌంటీ మొత్తానికి నియమం పెట్టడం శాసనమే. ఒక ఆసామి 32 ఎకరాల మీద అవునో కాదో చెప్పడం మాత్రం తీర్పు చెప్పడం. తీర్పు చెప్పేవాడు ఇరుపక్షాలకూ మాట్లాడే అవకాశమివ్వాలి, సాక్ష్యం చూపనివ్వాలి, ఎదుటివాడి సాక్ష్యాన్ని ఖండించనివ్వాలి. ముందుగా ఎవరితోనూ చాటున మాట్లాడకూడదు. జరిగినదంతా రికార్డుకెక్కాలి, కారణాలు రాతలో ఉండాలి. మార్పు అడిగేవాడే అది ఎందుకు సబబో రుజువు చేసుకోవాలి. అడిగే మార్పు ఎంత పెద్దదైతే రుజువు అంత గట్టిగా ఉండాలి.

న్యాయమూర్తిని సంతలో పట్టుకుని కేసు గురించి మాట్లాడతామా? నేను చేసింది అదే.

అదే 1973లో ఆరెగాన్ శాసనసభ ప్రతి ఊరూ, ప్రతి కౌంటీ భూవినియోగ ప్రణాళిక రాసుకుని తీరాలని చట్టం చేసింది. దాన్ని నడిపించింది రిపబ్లికన్ గవర్నర్ టామ్ మెకాల్, పాడి రైతైన సెనేటర్ హెక్టర్ మక్‌ఫర్సన్. పొలాలు ముక్కలై ప్లాట్లుగా మారిపోతున్నాయన్నది వాళ్ళ బాధ. హైదరాబాదు చుట్టూ వెంచర్ల బోర్డులు చూసినవాళ్ళకి ఆ బాధ విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ చట్టం కింద తయారైన రాష్ట్ర లక్ష్యాల్లో మొట్టమొదటిది పౌరుల భాగస్వామ్యం.

కమిషనర్లకు జీతం లేదు. కౌంటీ కమిషన్‌లో ఐదుగురో, ఏడుగురో, తొమ్మిదిమందో ఉంటారు, పదవి నాలుగేళ్ళు. స్థిరాస్తి వ్యాపారమే జీవనంగా ఉన్నవాళ్ళు ఇద్దరికి మించకూడదు. తనకిగాని తనవాళ్ళకిగాని డబ్బు లాభనష్టాలున్న విషయమైతే సభ్యుడు తప్పుకోవాలి. తనవాళ్ళెవరో చట్టం పేరుపేరునా చెప్పింది: భార్య లేక భర్త, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిల్లలు, తల్లిదండ్రులు, అత్తమామలు. అత్తగారూ మామగారూ ఎక్కిన చట్టం చదివి ముచ్చటేసింది. తోడల్లుడూ వియ్యంకుడూ ఎక్కలేదు. మనవాళ్ళు రాసి ఉంటే వాళ్ళతోనే మొదలుపెట్టేవారు.

విచారణకు కనీసం ఏడు రోజుల ముందు అధికారుల నివేదిక అందరికీ దొరకాలి. ఆ సాయంత్రం కమిషన్ అధ్యక్షురాలు ముందుగా దేన్నిబట్టి నిర్ణయిస్తామో ఆ ప్రమాణాలు చదివి వినిపించింది. ఇంకో హెచ్చరిక కూడా చేసింది: ఇక్కడ లేవనెత్తని అభ్యంతరాన్ని పైన అప్పీలులో ఎత్తడానికి వీల్లేదు. తరవాత అధికారులు, దరఖాస్తుదారు, అనుకూలురు, వ్యతిరేకులు, చివరికి మళ్ళీ దరఖాస్తుదారు జవాబు. మావాళ్ళొకరి మాటకి చప్పట్లు మోగితే ఆవిడ వద్దంది. జనం ఎక్కువమంది ఎటున్నారో లెక్కపెట్టడం లేదు, చప్పట్లకి భయపడి ఇంకొకరు నోరు విప్పకపోతేనే నష్టమంది.

నా వంతు మూడు నిమిషాలు. రద్దీ, నీడ, ఇళ్ళ విలువ, ఊరి స్వభావం అన్నీ ఏకరువు పెట్టాను. సంతలో నన్నాపిన ఆయనే అడిగాడు: “మీరు చెప్పేది ఏ ప్రమాణం కిందకొస్తుంది?” నా దగ్గర జవాబు లేదు. నా తరవాత మాట్లాడిన రిటైర్డ్ టీచరు నివేదికలో పేజీ నంబరుతో సహా, వాననీటి కాలువ లెక్క సరిపోలేదని చూపించింది. కమిషన్ కదిలింది దానికే. రికార్డు మరో ఏడు రోజులు తెరిచి ఉంచమని ఆవిడ కోరితే ఉంచారు. చివరికి కాలువ పెంచాలన్న షరతుతో అనుమతికి సిఫార్సు చేశారు. ఏ సాక్ష్యం మీద ఏ ప్రమాణం తీరిందో పేజీలకు పేజీలు రాశారు. సాక్ష్యానికీ నిర్ణయానికీ మధ్య ఈ వంతెన కనబడి తీరాలని 1974లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు టొపాంగా కేసులో చెప్పింది. మన పట్టణాల్లో భూవినియోగ మార్పిడికీ అభ్యంతరాలు కోరుతూ పేపర్లో ప్రకటన పడుతుంది. మన అభ్యంతరానికి ఏం జవాబిచ్చారో వెతుక్కోవలసి వస్తే ఈ పేజీల విలువ తెలుస్తుంది.

అయితే ఇదంతా విని మురిసిపోనక్కర్లేదు. ఇంత గొప్ప న్యాయసూత్రం పుట్టింది దేనికోసం? చవక ఇళ్ళు పక్కన రాకుండా ఆపిన సొంతింటివాళ్ళ కేసులో. నేను ఆపబోయిందీ అలాంటివే. ఆ నోటీసు కూడా చట్టప్రకారం పంపి తీరవలసింది చుట్టుపక్కల స్థలాల యజమానులకే, అద్దెవాళ్ళకి కాదు. యజమాని ఎవరు కావచ్చునన్నదానికి ఇక్కడ మనవాళ్ళ చరిత్ర ఒకటుంది. ఆరెగాన్ కలపమిల్లులో పనిచేసిన పంజాబీ భగత్ సింగ్ థిండ్‌కి ఇక్కడి ఫెడరల్ కోర్టు 1920లో పౌరసత్వమిస్తే, భారతీయుడు తెల్లవాడు కాడు కనుక అర్హుడు కాడని 1923లో సుప్రీంకోర్టు తేల్చింది. పౌరసత్వానికి అర్హత లేనివాళ్ళు భూమి కొనకూడదని అదే ఏడాది ఆరెగాన్ చట్టం చేసింది. అది 1949 దాకా నిలిచింది. అప్పుడైతే నా గుమ్మానికి ఏ నోటీసూ వచ్చేది కాదు.

2019లో ఆరెగాన్, పదివేలు దాటిన ఊళ్ళలో విడి ఇళ్ళకి అనుమతి ఉన్న ప్రతి స్థలంలోనూ జంట ఇళ్ళు కట్టుకోనివ్వాలని చట్టం తెచ్చింది. ఆ మేరకు ఇరుగుపొరుగు అడ్డుపుల్ల వెయ్యడానికి చోటు తగ్గింది. మంచిదే అనుకుంటున్నాను, ఇప్పుడు.

మొన్న మళ్ళీ నోటీసు వచ్చింది, ఈసారి సందు చివర పిల్లల డేకేర్. నివేదిక తెప్పించుకుని చదువుతున్నాను, పార్కింగ్ లెక్క దగ్గర అనుమానం తగిలింది. శనివారం సంతలో ఆయన కనిపించాడు. ఈ ఏడు టమాటా ధరలు మండిపోతున్నాయన్నాడు. అవునన్నాను.