ఊరి పట్టీలో పేరుంటేనే పౌరుడు

క్రీ.పూ. 508లో ఏథెన్స్ అధికారం కోసం రెండు పెద్ద కుటుంబాల నాయకులు తలపడ్డారు. వారిలో ఓటమి అంచున ఉన్న క్లెయిస్తెనీస్ సామాన్య జనాన్ని తన వైపు తిప్పుకున్నాడు. గెలిచాక ఏథెన్స్ చుట్టూ ఉన్న అట్టికా ప్రాంతమంతటినీ ఊళ్ల లెక్కన కొత్తగా అమర్చాడు. పల్లెలూ నగరంలోని పేటలూ కలిపి అలాంటి 'డీమ్‌లు' 139 అని చరిత్రకారుల లెక్క. నగరం, తీరం, లోతట్టు ప్రాంతాల ఊళ్లను కలగలిపి పది తెగలు చేశాడు. దాంతో ఏ దొర కుటుంబమూ తన ప్రాంతం అండతోనే రాజ్యాన్ని శాసించే వీలు తగ్గింది.

ఒక్కో తెగ నుంచి 50 మంది చొప్పున 500 మందితో మండలి ఏర్పడింది. జనం ఎక్కువున్న అఖార్నై ఊరు 22 మందిని పంపితే, చిన్న ఊరు హాలిమూస్ ముగ్గురిని పంపేది. కుర్రవాడికి 18 ఏళ్లు నిండగానే ఊరివాళ్లు సమావేశమై, ఓటేసి, పౌరుల పట్టీలో పేరు ఎక్కించేవారు. తర్వాత ఎక్కడ కాపురమున్నా ఊరి సభ్యత్వం తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. సోక్రటీస్‌ది అలోపెకె ఊరు, పెరిక్లీస్‌ది ఖొలార్గోస్.

దేవుళ్ల పనీ ఊరి పెద్ద 'డెమార్క్' బాధ్యతల్లో భాగమే. పది తెగలకు పేర్లిచ్చిన వీరులను సైతం వంద పేర్లలోంచి డెల్ఫీ దైవవాణే ఎంచింది. ఇప్పటి ఏథెన్స్ విమానాశ్రయం దగ్గరి స్పాటా ప్రాంతంలో ఉండేది ఎర్ఖియా అనే ఊరు. ఆ ఊరి బలుల పట్టిక రాతిపై దొరికింది. ఏ రోజున, ఏ దేవతకు, ఏ జీవాన్ని, ఎన్ని డ్రాక్మాలకు అన్నదంతా ఐదు వరుసల్లో చెక్కారు. సెమెలె దేవతకు బలిచ్చిన మేకను స్త్రీలకు అప్పగించాలి, తోలు పూజారిణికి చెందాలి అని కూడా అందులో ఉంది. పౌరుల పట్టీలో చోటులేని స్త్రీలకు బలిపీఠం దగ్గర వాటా ఉండేదన్నమాట.

ఊరివాళ్ల మధ్య ఉండే ఈ దగ్గరితనానికి చేదు ముఖమూ ఉంది. క్రీ.పూ. 346-45లో పట్టీలన్నీ తిరిగి పరిశీలించమని ఆజ్ఞ వెలువడింది. హాలిమూస్‌లో యూక్సితెయోస్ పేరు కొట్టేశారు. అతను అదే ఊరికి డెమార్క్‌గా చేసినవాడు, హెరాక్లీస్ పూజారి పదవికి చీటీలు వేసేందుకు ఊరివాళ్లు ఎంచినవారిలో ఒకడు. చీకటి పడ్డాక ఓటింగ్ పెట్టారని, అప్పటికి అక్కడ మిగిలినవాళ్లు ముప్పై మందికి మించకపోయినా అరవైకి పైగా ఓట్లు తేలాయని న్యాయస్థానంలో మొరపెట్టుకున్నాడు. ఆ ప్రసంగం రాసిచ్చింది ప్రసిద్ధ వక్త డెమోస్తెనీస్. అప్పీలులో ఓడితే శిక్ష బానిసగా అమ్ముడుపోవడమే.

మనిషిని పుట్టుకతో ఎరిగిన ఇరుగుపొరుగే అతని పౌరసత్వానికి సాక్షులు. కక్ష కడితే దాన్ని ఊడబెరికేదీ వాళ్లే. అందుకే ఊరి తీర్పుపై నగర న్యాయస్థానానికి వెళ్లే దారి ఉండటం ఏథెన్స్ ప్రజాస్వామ్యానికి సభలంత ముఖ్యం.