కప్ప చర్మంలో దొరికిన రాత్రి



ఈ మధ్య మనవాళ్లు చాలామంది మెలటోనిన్ మాత్ర గురించి మాట్లాడుతున్నారు. అందరూ దాన్ని నిద్రమాత్ర అనే అనుకుంటున్నారు. దాని చరిత్ర చూస్తే సంగతి వేరే.

1917లో అమెరికాలో మెక్‌కార్డ్, అలెన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆవు మెదడులోని పీనియల్ గ్రంథిని కప్పపిల్లలకు పెట్టి చూశారు. వాటి ఒళ్లు తెల్లబడింది. గ్రంథిలో ఏ పదార్థం ఆ పని చేసిందో అప్పుడు తేలలేదు.

నలభై ఏళ్ల తర్వాత యేల్ యూనివర్సిటీలో చర్మవైద్యుడు ఆరన్ లెర్నర్ ఆ సంగతి మళ్లీ పట్టుకున్నారు. బొల్లి లాంటి చర్మరోగాలకు ఇందులో దారి దొరుకుతుందని ఆయన ఆశ. బొల్లి ఉన్న పిల్లకి సంబంధం కుదరడం ఎంత కష్టమో మనకి తెలుసు కదా! లక్షకు పైగా ఆవుల గ్రంథులు వడగట్టి, 1958లో ఆ పదార్థాన్ని వేరుచేశారు. మెలటోనిన్ అని పేరు పెట్టారు. కానీ అది మనిషి చర్మం రంగు మార్చలేదు.

మరి మనలో దాని పని ఏమిటి? చీకటి పడిందని కన్ను మెదడులోని గడియారానికి చెబుతుంది. అక్కణ్ణుంచి కబురు పీనియల్‌కి వెళ్తుంది. గ్రంథి మెలటోనిన్‌ని రక్తంలోకి వదులుతుంది. రాత్రి కళ్లలో గట్టి వెలుతురు పడితే ఇది తగ్గిపోతుందని 1980లో ఆల్ఫ్రెడ్ లూయీ బృందం మనుషుల్లోనే చూపించింది.

ఆ కబురు అందుకునే రిసెప్టార్ జీన్ 1994లో దొరికింది. ఎక్కడో తెలుసా? మళ్లీ కప్ప చర్మకణాల్లోనే! స్టీవెన్ రెపర్ట్ బృందం దాన్ని పట్టుకుని, అదే దారిలో మనిషి రిసెప్టార్లనూ కనిపెట్టింది. మనకి రెండున్నాయి. ఎంటీ1 ముఖ్యంగా గడియారం కణాల జోరు తగ్గిస్తుంది. ఎంటీ2 గడియారం టైమును ముందుకో వెనక్కో సర్దుతుంది.

రాత్రంతా తిరిగే ఎలుకకి కూడా మెలటోనిన్ రాత్రే పెరుగుతుంది. అంటే అది “నిద్రపో” అనే ఆర్డరు కాదు, “రాత్రి అయింది” అనే సిగ్నల్.

రైల్వేలో పనిచేసిన నాకు ఇక్కడ ఒక మాట చెప్పాలనిపిస్తుంది. రాత్రి డ్యూటీ చేసేవాళ్లకి ఈ సిగ్నల్ తారుమారవుతుంది. రాత్రి షిఫ్టు పని బహుశా క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2007లోనే చెప్పింది. పగటినిద్రకి ఒళ్లు సహకరించదు. అందుకని మన ఇళ్లలో ఆస్పత్రి నుంచో, స్టేషన్ నుంచో, ఫ్యాక్టరీ నుంచో తెల్లారి వచ్చి పడుకున్న పిల్లల్ని సోమరులు అనకండి. ఫంక్షన్ ఉందని లేపకండి. కిటికీ తెర వేసి, తలుపు దగ్గరికి వేయండి. వాళ్లకి మనం ఇవ్వగలిగింది ఆ కాస్త చీకటే.