బ్లఫ్ (యూటా)

బ్లఫ్ అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఆగ్నేయ మూలన, శాన్ హువాన్ నది ఉత్తరపు ఒడ్డున ఉన్న చిన్న ఎడారి ఊరు. జనాభా 300 లోపే. సముద్రమట్టానికి సుమారు 1,300 మీటర్ల ఎత్తు. ఊరి వెనుక ఎర్ర ఇసుకరాయి కొండగోడ నిలువునా లేచి ఉంటుంది. నది దాటితే నవాహో తెగవాళ్ల భూభాగమైన నవాహో నేషన్. 191, 163 నంబర్ల జాతీయ రహదారులు ఇక్కడే కలుస్తాయి. మాన్యుమెంట్ వాలీ చూడాలని తొందరపడేవాళ్లు చాలామంది ఈ ఊళ్లో పెట్రోలు పోయించుకుని సాగిపోతారు. కానీ నైరుతి అమెరికాలో పూర్వ ప్యూబ్లో ప్రజలు కట్టిన ఇళ్లను, వాళ్లు చెక్కిన బొమ్మలను జనసమ్మర్దం లేకుండా, కాలినడకన వెళ్లి చూడాలనుకునేవారికి దీనికి మించిన మజిలీ ఊరు దొరకడం కష్టం.

పూర్వ ప్యూబ్లో ప్రజలు

రెండు వేల ఏళ్ల కిందటికే ఈ ప్రాంతంలో మొక్కజొన్న, గుమ్మడి పండించినవాళ్లున్నారు. తొలినాళ్లలో వాళ్లకు కుండలు లేవు, బుట్టలే. 1893లో రిచర్డ్ వెథరిల్ అనే వ్యక్తి ఇక్కడి గుహల్లో తవ్వకాలు జరిపి, కొండగోడల గూళ్లలో కట్టిన ఇళ్లకంటే ముందే ఈ బుట్టల కాలం ఒకటి ఉందని గుర్తించాడు. తర్వాత చిక్కుడు పంట, మట్టి కుండలు, టర్కీ కోళ్ల పెంపకం వచ్చాయి. నేలలో తవ్విన గుంత ఇళ్లు పోయి రాతి గోడల ఇళ్లు లేచాయి. గుంత ఇంటి పోలిక మాత్రం కివాలో మిగిలింది. భూమిలోకి దిగి ఉండే ఈ గదిని పూజలకు, సమావేశాలకు వాడేవాళ్లు.

బ్లఫ్‌లోనే, పాత శ్మశానం ఉన్న దిబ్బ దగ్గర, ఒక గ్రేట్ హౌస్ శిథిలం ఉంది. ఇక్కడికి సుమారు 200 కిలోమీటర్ల దూరంలో, న్యూ మెక్సికోలోని చాకో లోయలో కట్టిన బహుళ అంతస్తుల భవనాల పద్ధతిలోనే దీన్నీ 11వ శతాబ్ది చివర్లో, 12వ శతాబ్ది మొదట్లో కట్టారు. కొలరాడో విశ్వవిద్యాలయం ఇక్కడ తవ్వకాలు జరిపింది. ఇప్పుడు కంటికి కనిపించేది గడ్డి మొలిచిన ఒక రాళ్ల దిబ్బ, పక్కనే పెద్ద కివా కూలి ఏర్పడిన గుండ్రటి పల్లం. చాకో ప్రభావం ఎంత దూరం పాకిందో చెప్పే సాక్ష్యం కాబట్టి ముందుగా ఇక్కడికే వెళ్లడం మేలు.

13వ శతాబ్ది చివరికి ఈ జనం ఇళ్లు వదిలి దక్షిణానికి కదిలిపోయారు. చెట్ల వలయాలను బట్టి 1276 నుంచి 1299 దాకా తీవ్రమైన కరువు ఉందని తేలింది. ఆ కాలపు ఘర్షణలూ కారణమేనని పురావస్తు శాస్త్రజ్ఞులు చెబుతారు. పర్యాటక కరపత్రాల్లో తరచూ కనిపించే ‘అంతుచిక్కకుండా మాయమైన జాతి’ అన్న మాట మాత్రం శుద్ధ తప్పు. వాళ్ల వారసులు హోపీ, జూనీ, అకోమా, రియో గ్రాండే తీరపు ప్యూబ్లో గ్రామాల్లో ఈనాటికీ మొక్కజొన్న పండిస్తూ, కివాల్లో క్రతువులు జరుపుకుంటూ బతుకుతున్నారు. ఈ చోట్లు వాళ్లకు తాతముత్తాతల ఇళ్లు.

మార్మన్ల ఊరు

ఇప్పటి ఊరికి పునాది 1880 ఏప్రిల్‌లో పడింది. మార్మన్ చర్చి ఆదేశం మేరకు ఆ మతశాఖకు చెందిన దాదాపు 250 మంది 80కి పైగా బండ్లతో బయలుదేరారు. ఆరు వారాలనుకున్న ప్రయాణానికి ఆరు నెలలు పట్టింది. కొలరాడో నది పైనున్న కొండ చీలికను మందుగుండుతో వెడల్పు చేసి, 1880 జనవరి 26న బండ్లను తాళ్లతో ఆపుతూ కిందికి దించడం మొదలుపెట్టారు. ఆ చీలిక పేరు మీదే ఆ యాత్రను ‘హోల్ ఇన్ ద రాక్’ అంటారు. చివరికి బ్లఫ్ చేరాక, ఇక ముందుకు సాగే ఓపిక లేక ఇక్కడే ఆగిపోయారు. శాన్ హువాన్ వరదలకు కాలువలు పదేపదే కొట్టుకుపోవడంతో చాలామంది పశువుల పెంపకానికి మళ్లారు, తర్వాత బ్లాండింగ్, మాంటిసెల్లో వైపు తరలిపోయారు. మిగిలిన రాతి ఇళ్లు, తిరిగి నిర్మించిన బ్లఫ్ కోట సందర్శకులకు తెరిచి ఉంటాయి. పట్టణంగా అధికారిక గుర్తింపు వచ్చింది 2018లోనే.

చూడదగినవి

ఊరికి పడమర 5 కిలోమీటర్ల దూరంలోని శాండ్ ఐలండ్ దగ్గర, నదికి ఎదురుగా ఉన్న కొండగోడ మీద వందల బొమ్మలున్నాయి. ఎండా గాలీ పట్టి నల్లబడిన పైపొరను రాతితో పొడిచి తీస్తే లోపలి లేత రంగు బయటపడుతుంది. బొమ్మ అలా ఏర్పడింది. కొమ్ముల గొర్రెలు, వెడల్పు భుజాల మనుషులు, వేణువు ఊదే గూని మనిషి, గుర్రం మీది రౌతు అన్నీ ఒకే గోడ మీద ఉన్నాయి. గుర్రం స్పెయిన్‌వాళ్లతో వచ్చింది కాబట్టి ఆ బొమ్మ బాగా తర్వాతిదని ఎవరైనా పోల్చుకోవచ్చు.

సుమారు 130 కిలోమీటర్ల పొడవున సాగే కోంబ్ రిడ్జ్ కొండవరసలోని ప్రొసెషన్ ప్యానెల్ తప్పక చూడాలి. అరచేతిలో పట్టేంత చిన్న మనుషులు, 179 మంది, వేర్వేరు దిక్కుల నుంచి బారులు తీరి ఒక వలయం వైపు నడుస్తుంటారు. అది పెద్ద కివా అయి ఉంటుందని పండితుల ఊహ. కొండ ఎక్కేదాకా ఈ ప్యానెల్ కనిపించదు. 95వ నంబరు రహదారి పక్కనున్న బట్లర్ వాష్ శిథిలాలకు నడక తక్కువే. గుండ్రటి కివాలతో పాటు చదరపు కివా కూడా ఉన్న ఆ కొండగూటిని లోయ అవతల నుంచి చూడాలి. హోవెన్‌వీప్ రాతి బురుజులు కారులో గంట దూరం.

నది మీద రాఫ్టింగ్ ఇక్కడి ప్రధాన వినోదం. శాండ్ ఐలండ్ నుంచి మెక్సికన్ హ్యాట్‌కు సుమారు 43 కిలోమీటర్లు, క్లే హిల్స్ దాకా 135. సొంతంగా పడవ వేసుకునేవాళ్లు కేంద్ర భూనిర్వహణ శాఖ నుంచి పర్మిట్ తీసుకోవాలి. దారిలో రివర్ హౌస్ అనే శిథిలం దగ్గర ఆగి చూడవచ్చు. మెక్సికన్ హ్యాట్ దాటాక గూస్‌నెక్స్ వద్ద నది దాదాపు 10 కిలోమీటర్లు మెలికలు తిరిగినా, ముందుకు జరిగేది రెండున్నర కిలోమీటర్లే. గండికోట దగ్గర పెన్నను చూసినవాళ్లకు ఆ లోతైన కోత చప్పున గుర్తొస్తుంది.

రక్షణ, సందర్శకుల బాధ్యత

చుట్టుపక్కల భూమి చాలావరకు బేర్స్ ఇయర్స్ జాతీయ స్మారక ప్రాంతం కిందికి వస్తుంది. హోపీ, నవాహో, జూనీ, రెండు యూట్ తెగలు కలిసి కోరగా అధ్యక్షుడు ఒబామా 2016 డిసెంబరు 28న దీన్ని ప్రకటించారు. 2017లో ట్రంప్ దాదాపు 85 శాతం కోత పెట్టారు, 2021లో బైడెన్ పునరుద్ధరించారు. 2022 ఒప్పందంతో ఆ ఐదు తెగలకూ నిర్వహణలో భాగం దక్కింది.

నేల మీద కుండపెంకులు ఇంకా కనిపిస్తాయి. కొన్నింటి మీద మట్టి తాడును చుట్టి, ఒక్కొక్క మెలికనూ వేలితో అదిమిన నొక్కుల వరసలుంటాయి. తీసి చూసినా, పడిన చోటే పెట్టేయాలి. పెంకులన్నీ ఏరి ఒక బండ మీద పేర్చినా నష్టమే. ఏది ఎక్కడ పడి ఉందన్నదే పరిశోధకుడికి ఆధారం. ఇంటికి పట్టుకెళ్లడం 1979 నాటి పురావస్తు వనరుల చట్టం ప్రకారం నేరం. గోడలకు ఆనుకోకూడదు, బొమ్మలను తాకకూడదు. దారి పక్కన నల్లగా, బుడిపెలుగా కనిపించే మట్టి పొర సూక్ష్మజీవులతో కట్టిన ప్రాణమున్న నేల. ఒక్క అడుగుకు చితికితే కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఊళ్లోని బేర్స్ ఇయర్స్ విద్యాకేంద్రంలో ఇవన్నీ వివరంగా చెబుతారు.

సందర్శనకు ఏప్రిల్, మే, సెప్టెంబరు చివర, అక్టోబరు నెలలు అనుకూలం. వేసవిలో ఎండ 35 డిగ్రీలు దాటుతుంది. జులై నుంచి వచ్చే ఉరుముల వానలకు ఎండిన వాగుల్లో వరద ఒక్కసారిగా దిగుతుంది, మట్టి దారుల్లో బండి దిగబడిపోతుంది. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు వెంట ఉండాలి. ఫోన్ సిగ్నల్ ఊరు దాటితే నమ్మడానికి లేదు. ఆసుపత్రి 40 కిలోమీటర్ల దూరంలో, బ్లాండింగ్‌లో ఉంది.