పది అణాల దోమకాటు

1897 ఆగస్టు 16న సికింద్రాబాద్‌లో హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి దోమతెర కింద పడుకున్నాడు. ఆ తెర కట్టింది దోమల్ని ఆపడానికి కాదు, లోపల వదిలినవి బయటికి పోకుండా ఉండటానికి. కుట్టిన ఒక్కో దోమకీ ఒక అణా. పది కుట్టాయి, పది అణాలు ముట్టాయి. నాలుగు రోజుల తర్వాత వాటిలో ఒక దోమని కోసి మైక్రోస్కోప్ కింద పెట్టిన రొనాల్డ్ రాస్‌కి, దాని కడుపు గోడలో నల్లటి చుక్కలున్న కణాలు కనబడ్డాయి. మలేరియా క్రిమి దోమలో పెరుగుతుందని అలా తెలిసింది. 1902లో రాస్‌కి నోబెల్ వచ్చింది. ఇప్పటికీ ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినం అంటున్నాం.

మన పాఠాల్లో రాస్ ఉంటాడు, బేగంపేట భవనం ఉంటుంది. నాకు మాత్రం ఆ కథ ఎప్పుడు చదివినా మనసు అణాల దగ్గరే ఆగిపోతుంది. రూపాయికి పదహారు అణాల రోజులవి. అంటే హుస్సేన్ ఖాన్‌కి రూపాయి కూడా పూర్తిగా రాలేదు.

అంతకు రెండేళ్ళ ముందు, 1895లో, ఇదే ఊళ్ళో లచ్చుమన్ అనే యువకుడు రాస్ కోసం దోమలు చచ్చిన నీళ్ళు తాగాడు. లండన్‌లో ఉన్న రాస్ గురువు ప్యాట్రిక్ మాన్సన్ ఊహ ప్రకారం, రోగిని కుట్టిన దోమ నీళ్ళలో పడి చస్తుంది, ఆ నీళ్ళు తాగినవాళ్ళకి జబ్బు వస్తుంది. ఊహ తప్పు. లచ్చుమన్‌కి జ్వరం మాత్రం వచ్చింది, కొద్దిరోజులకి తగ్గింది. తగ్గింది కాబట్టి మనం తేలిగ్గా చదివేస్తాం. తగ్గకపోయి ఉంటే?

రాస్ దుర్మార్గుడేం కాదు. ఆయన కాలానికి అది మామూలు సంగతి. డబ్బివ్వడం కూడా తప్పని నేననను, పనికి కూలి ఇచ్చినట్టే కదా. కానీ సైనిక వైద్యుడు, తెల్లదొర, పైగా వైద్యం ఆయన చేతిలోనే ఉంది. అలాంటి మనిషి అడిగితే "వద్దు దొరా" అనడం ఎంత కష్టమో ఆలోచించండి.

విచిత్రం ఏంటంటే, ఆ "వద్దు" కలకత్తాలో వినిపించింది. 1898లో రాస్ అక్కడికి వెళ్ళేసరికి మలేరియా రోగులు తక్కువ, ఊరంతా ప్లేగు భయం. సూది పట్టుకున్న డాక్టర్ని చూస్తే జనం దూరం జరిగారు. డబ్బులిస్తానన్నా వేలు గుచ్చనివ్వలేదు. దాంతో ఆయన పిట్టల మీదికి మళ్ళాడు. మలేరియా క్రిమి చివరికి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని ఆ పిట్టల దగ్గరే తేల్చాడు. ఆ విజయంలో, చేతులు వెనక్కి తీసుకున్న కలకత్తా జనానికి కూడా వాటా ఉందని నాకనిపిస్తుంది.

రెండేళ్ళకే, 1900లో, క్యూబాలో వాల్టర్ రీడ్ పచ్చజ్వరం మీద పరిశోధన చేస్తూ స్పానిష్ వలస కూలీలతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకున్నాడు. వాళ్ళ భాషలోనే. ఒప్పుకుంటే వంద డాలర్ల బంగారం, జబ్బొస్తే ఇంకో వంద. ప్రాణం పోవచ్చని కూడా ఆ కాగితంలో రాశారు. డబ్బు ఎర వేశారనే విమర్శ ఉంది, నిజమే. కనీసం కాగితమంటూ ఉంది.

కాగితం ఉంటే చాలా అంటే, ఖమ్మం ఉంది. 2009 జులైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు దాదాపు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేయడం మొదలైంది. అమెరికా సంస్థ పాత్, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉండే ఆదివాసీ, దళిత పిల్లలు. కొందరు చనిపోయారు, 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. మరణాలకి టీకాతో సంబంధం ఉండకపోవచ్చని విచారణ కమిటీ అంది. అయితే అమ్మానాన్నల సంతకాలు ఉండాల్సిన ఫారాల్లో వేల చోట్ల హాస్టల్ వార్డెన్ల సంతకాలు తేలాయి. నిర్వాహకులు దీన్ని "ప్రదర్శనా ప్రాజెక్టు" అన్నారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం, కాదు, ఇది క్లినికల్ ట్రయలే అంది. మాట మారితే పాటించాల్సిన రూల్స్ మారతాయి, పట్టుదల అందుకే. టీకా మంచిదే, ఇవాళ ఎన్నో దేశాలు వేస్తున్నాయి. అందుకే నాకు ఇంకా ఎక్కువ బాధ: మంచి టీకా మీద కూడా అనుమానం మిగిల్చారు.

ఆ ఏడాదే, సుప్రీంకోర్టులో కేసు నడుస్తుండగా, సమ్మతి తీసుకునేటప్పుడు వీడియో తీయాలనే నిబంధన వచ్చింది. తర్వాత దాన్ని కొన్ని రకాల ట్రయల్స్‌కే కుదించారు.

ఈమధ్య ఒక ఆసుపత్రిలో, షుగర్ మందు మీద స్టడీలో చేరతారా అని మా అమ్మని అడిగారు. తెలుగులోనే ఉన్న ఫారం ఇచ్చారు. "యాదృచ్ఛికంగా కేటాయించబడతారు" దగ్గరే అమ్మ ఆగిపోయింది. చీటీలు తీసినట్టు అమ్మా, కొత్త మందు వస్తుందో పాతదే వస్తుందో డాక్టరుకి కూడా చెప్పరు అన్నాను. "ఆయనకీ తెలీదా?" అని కాసేపు నవ్వింది. తర్వాత ఆ అమ్మాయిని అడిగింది: "మధ్యలో మానేస్తే ఇక్కడ మళ్ళీ చూపించుకోనివ్వరా?"

మానేయొచ్చు, వైద్యం ఆగదు అని ఎనిమిదో పేజీలో ఉంది. ఆ అమ్మాయి వేలు పెట్టి చూపించింది. అమ్మ ఆ వాక్యాన్ని రెండోసారి చదివించుకుంది. "నాల్రోజులాగి చెప్తానమ్మా" అని కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది.