క్యాంషాఫ్టు ఎంపిక: సిరిగేరి కాలువ గట్టు నుండి అమెరికా కార్ల దాకా

సిరిగేరి ప్రాంతపు తెలుగువారి చరిత్ర చెప్పబూనినవారందరూ తుంగభద్ర ఆనకట్టతో మొదలుపెడతారు. అది న్యాయమే. 1945 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగి, 1953లో కాలువలకు నీరు వదలిన ఆ ఆనకట్ట లేకపోతే కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులకు సిరుగుప్ప తాలూకాతో పనేమి? ఆ ఏడే అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రం ఏర్పడినది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో నిలిచినవి. బళ్లారి జిల్లాలో తక్కిన భాగం మైసూరులో కలిసినది. కాలువ నీరూ, రాష్ట్రపు పొలిమేరా ఒక్క ఏటనే వచ్చినవన్నమాట. మనవారు ఆ పొలిమేర దాటి, జొన్న, ప్రత్తి పండే రేగడి నేలలు కొని, చదును చేసి, క్యాంపులు కట్టుకొన్నారు. ఇదంతా పెద్దలు పలుమార్లు చెప్పినదే. ఆ క్యాంపులలో రేయింబవళ్లు వినవచ్చిన ఆయిల్ ఇంజను చప్పుడును మాత్రం చరిత్రగా ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

మేము ఇక్కడ ఇంజను యావత్తును గూర్చి కాక, దానిలోని ఒక్క అవయవాన్ని గూర్చి వ్రాయదలచినాము. అది క్యాంషాఫ్టు. కారణం లేకపోలేదు. క్యాంపుల నుండి చదువులకు పోయి అమెరికాలో స్థిరపడిన మన పిల్లలలో కొందరికి 1960ల నాటి అమెరికా కార్ల మీద మోజు పుట్టినది. చిన్న కారులో పెద్ద ఇంజను బిగించిన ఆ రకాన్ని అక్కడివారు మజిల్ కార్లు అంటారు. అట్టి కారు ఇంజనును విప్పి తిరిగి కట్టేవారికి మొదట ఎదురయ్యే చిక్కు ప్రశ్న, ఏ క్యాంషాఫ్టు వేయాలి అన్నది. ఆ ప్రశ్నకు సగం జవాబు సిరిగేరి కాలువ గట్టునే ఉన్నదని మా అభిప్రాయం.

కాలువ ఉండగా ఇంజను ఎందుకని చిన్నవారు అడుగవచ్చును. తుంగభద్ర ఆయకట్టు చాలావరకు ఆరుతడి పైర్లకు ఉద్దేశించినది. మనవారు వచ్చినది వరి పండించే నాడు నుండి. ఎగువన వరి వేస్తే దిగువ తూములకు నీరు అందదు. ఇది ఎవరిని నొప్పించినా నిజం నిజమే. చివరి భూముల రైతు వాగులో నుండో, మురుగు కాలువలో నుండో, హగరి ఒడ్డు నుండో నీరు తోడుకోవలసినదే. కరెంటు అన్ని పొలాలకూ రాని ఆ రోజులలో అందుకు ఆయిల్ ఇంజనే గతి.

ఆ ఇంజనులలో పేరు మోసినది లిస్టరు రకం. ఇంగ్లండులో డర్స్లీ అనే ఊరి లిస్టరు కంపెనీవారు 1930 ప్రాంతంలో తెచ్చిన ఒంటి సిలిండరు డీజిలు ఇంజనుకు అది నకలు. మన దేశంలో రాజకోట వీటికి పుట్టిల్లయినది. ఆరు అశ్వశక్తులు, నిమిషానికి 650 చుట్లు, రెండు ప్రక్కలా రెండు పెద్ద ఫ్లైవీళ్లు. వాల్వు ఎత్తిపట్టి, హ్యాండిలు వేసి ఇద్దరు మనుషులు త్రిప్పి, వేగం అందుకొనగానే వాల్వు వదలితే మొదటి దెబ్బ పడేది. ఆ దెబ్బ వినగానే ఇంటిల్లిపాదికీ నిద్ర పట్టేదట. దెబ్బ ఆగితే మెలకువ వచ్చేదట. వరి పొట్టమీద ఉండగా మూడు రోజులు నీరు ఆగితే ఏమగునో తెలిసినవారికి ఇది వింతగా తోచదు.

ఆ ఇంజనులో క్యాంషాఫ్టు చేసే పని కాలువ లస్కరు చేసే పనియే. లస్కరు తూము తలుపు ఎప్పుడు ఎత్తాలో, ఎంత ఎత్తాలో, ఎప్పుడు దించాలో చూచుకొనును. క్యాంషాఫ్టు మీద కోడిగుడ్డు వాటముగా ఉబ్బిన గుబ్బలుండును. గుబ్బ తిరిగి ట్యాపెట్టును ఎత్తితే, అది పుష్‌రాడ్డును, పుష్‌రాడ్డు రాకరును కదిపి, రాకరు వాల్వును నొక్కి తెరచును. గాలి వచ్చే వాల్వుకు ఒక గుబ్బ, పొగ పోయే వాల్వుకు ఒకటి, డీజిలు పంపునకు ఒకటి. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యాంషాఫ్టు తిరిగేది ఒక చుట్టే. 650 చుట్ల లిస్టరులో అది నిమిషానికి 325 మాత్రమే.

ఇక అసలు సంగతి. పిస్టను క్రిందికి దిగేటప్పుడు గాలి లోనికి వచ్చును. పిస్టను అడుగంటి మరల పైకి బయలుదేరిన తరువాత కూడ గాలి వాల్వును కొంతసేపు తెరచియే ఉంచుతారు. ఎందుకంటే పారే నీటికి వలెనే పారే గాలికీ ఊపు ఉన్నది. ముందున్నది ఆగినా వెనుకనున్నది త్రోసుకొనివచ్చును. ఇంజను వేగం హెచ్చినకొద్దీ ఆ ఊపు హెచ్చును. వాల్వును ఎంత ఆలస్యంగా మూస్తే అంత గాలి నిండును. కాని నిదానంగా తిరిగే ఇంజనులో ఊపు ఎక్కడిది? అక్కడ వాల్వు ఆలస్యంగా మూస్తే వచ్చిన గాలి వచ్చిన దారినే వెళ్లిపోవును.

లెక్క చూడండి. 5 అశ్వశక్తుల, 1500 చుట్ల కిర్లోస్కరు తరహా ఇంజనులో గాలి వాల్వు, పిస్టను పైకొసకు చేరుటకు 4.5 డిగ్రీల ముందు తెరచుకొని, అడుగంటిన తరువాత 35.5 డిగ్రీలకు మూతపడును. మధ్యనున్న 180 కలిపితే మొత్తం 220 డిగ్రీలు. రెండు వాల్వులూ ఒక్కసారి తెరచి ఉండేది 9 డిగ్రీలు మాత్రమే. ఇది గట్టి కాపు లెక్క: వచ్చిన గాలిని వచ్చినట్లు నిలుపుకొనును.

ఇప్పుడు సముద్రం దాటి చూతము. జోరా ఆర్కస్ డుంటోవు రష్యన్ యూదు కుటుంబంలో 1909లో బ్రస్సెల్సులో పుట్టి, పెట్రోగ్రాడులో పెరిగి, బెర్లినులో చదివి, యుద్ధకాలంలో అమెరికా చేరినవాడు. 1953లో జనరల్ మోటార్సులో ప్రవేశించి షెవర్లే ఇంజనులకు క్యాంషాఫ్టులు రూపొందించినాడు. కాలిఫోర్నియాలో సొంతంగా క్యాములు సానబట్టి పేరు పొందిన ఎడ్ ఇస్కెండేరియను అర్మీనియా నుండి వలసవచ్చిన వారి బిడ్డ. వలసవచ్చినవారి చేతులకు ఇంజను లొంగుట మన క్యాంపుల విశేషం మాత్రమే కాదు.

డుంటోవు పేరు మీద వెలసిన వాటిలో ఒకదానిని '30-30' క్యాము అంటారు. రెండు వాల్వులకూ అంగుళంలో వేయింట 30 వంతుల సందు వదలవలెను గనుక ఆ పేరు. 1964లో కార్వెట్టు కారు 327 ఘనాంగుళాల, 365 అశ్వశక్తుల ఇంజనులో అది వచ్చినది. 1967 నుండి 1969 వరకు కమారో జెడ్-28లోని 302 ఘనాంగుళాల ఇంజనులోనూ అదే. వాల్వు 50 వేయింట వంతులు లేచినప్పటినుండి కొలిస్తే దాని నిడివి సుమారు 254 డిగ్రీలు. అదే షెవర్లే కుటుంబంలో ఊరి తిరుగుళ్లకు ఉద్దేశించిన మామూలు క్యాము ఆ కొలతలో 195 డిగ్రీలకు మించదు. ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. కొందరు వాల్వు కదలిన క్షణం నుండి కొలుస్తారు, కొందరు 50 వేయింట వంతుల వద్దనుండి కొలుస్తారు. మొదటి లెక్కలో ఇదే '30-30' క్యాము 346 డిగ్రీలు. ఒక కాటాలాగులోని మొదటి లెక్కను మరొక కాటాలాగులోని రెండవ లెక్కతో పోల్చి మోసపోవువారు కోకొల్లలు.

254 డిగ్రీల క్యాము 6000 చుట్ల దరిదాపుల ఉరుమును. నిలకడ వేగంలో మాత్రం ఇంజను ఎగిరెగిరి పడును. రెండు వాల్వులూ కలిసి తెరచి ఉండే సమయం ఎక్కువ గనుక లోపలి వాక్యూము తగ్గి, దానిపై ఆధారపడిన పవరు బ్రేకు గట్టిగా పట్టదు. తక్కువ వేగంలో గాలి వెనుకకు పోవును గనుక సిలిండరులో ఒత్తిడి పడిపోవును. దానిని సరిదిద్దుటకు కంప్రెషను పెంచవలెను. కంపెనీవారికి ఇదంతా తెలియును. అందుకే జెడ్-28లో కంప్రెషను 11కు 1 పెట్టినారు, నాలుగు గేర్ల చేతి గేరుబాక్సు తప్ప ఆటోమాటికు ఇవ్వలేదు, వెనుక ఇరుసుకు 3.73 నిష్పత్తి వేసినారు. క్యాము ఒంటరిగా రాలేదు, ఇంత బలగంతో వచ్చినది. అశ్వశక్తి అంకె చూచి మురిసి, బరువైన కారులో, ఆటోమాటికు గేరుబాక్సుతో, ఆ క్యాము ఒక్కటే తెచ్చి బిగించినవాడు ప్రతి సిగ్నలు వద్దనూ ప్రక్కవాని ముందు తల వంచవలసివచ్చును. కారు బరువెంత, ఇరుసు నిష్పత్తి ఎంత, కంప్రెషను ఎంత, ఇంజను రోజులో ఎక్కువసేపు ఏ వేగంలో తిరుగును - ఇవి తేల్చుకొన్న తరువాతనే క్యాము మాట. రెండింటి మధ్య ఎటూ తేలకపోతే చిన్నదే మేలని మేమందుము.

మన రైతులు ఈ లెక్క పుస్తకంలో చదివినవారు కారు. తేలికైన 1500 చుట్ల ఇంజనులు అమ్మకానికి వచ్చినప్పుడు, బండిలో వేసుకొని పోవచ్చునని కొందరు కొన్నారు. అది మంచి బేరమే. కాని పాత పంపునకు పాత పుల్లీతోనే కొత్త ఇంజను బిగిస్తే ఏమగును? పంపు రెండింతలకు పైగా వేగంతో తిరుగును. ఆ రకం పంపు వేగం రెండింతలైతే అడిగే శక్తి ఎనిమిదింతలు. ఇంజను నల్లపొగ క్రక్కి కూలబడక ఏమి చేయును? పుల్లీ మార్చినవాడు బాగుపడును, ఇంజనును తిట్టినవాడు పైరు పోగొట్టుకొనును. ఇంజనూ, క్యామూ, పుల్లీ, పంపూ ఒకే కుటుంబమని గ్రహించిన పెద్దలు 650 చుట్ల లిస్టరును కరెంటు మోటార్లు వచ్చేదాకా వదలలేదు. దానిని మొండితనమన్నవారు ఉన్నారు. మేము అనము.

కొత్త క్యాము వేసేవారికి మరొక్క మాట. పాత ట్యాపెట్లను కొత్త క్యాము మీద వేయరాదు. ఒకదాని అరుగుదల మరొకదానికి సరిపోదు. చదును ట్యాపెట్లున్న అమెరికా ఇంజనును మొదటిసారి స్టార్టు చేయగానే నిలకడ వేగంలో వదలక, సుమారు 2000 చుట్లలో ఇరవై నిమిషాలు నడపవలెను. క్రాంకు విసరే నూనెయే ఆ గుబ్బలను తడిపేది. ఇప్పటి కారు నూనెలలో జింకు పాలు తగ్గించినారు గనుక, అది తగినంత ఉన్న నూనెను అడిగి తీసుకొనవలెను. లేకపోతే ఒక్క గంటలోనే గుబ్బ చదునైపోవును. లిస్టరులో 325 చుట్ల క్యాము, నీరసమైన స్ప్రింగులు. మనవాళ్లు డబ్బాలో మిగిలిన ఏ నూనె పోసినా అది ఏళ్ల తరబడి తిరిగినది.